గ్రూపులో అందరూ అన్నారని...

‘ఏఐ వచ్చేసింది, ఇక ఫ్రెషర్లకు ఉద్యోగాల్లేవు’ అని మీ ప్లేస్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకరు పెడతారు. పది నిమిషాల్లో అందరూ అవునంటారు. మీకు వేరే అభిప్రాయం ఉన్నా టైప్ చేసి డిలీట్ చేసేస్తారు. ఫైనలియర్‌లో నేనూ ఇలాంటి మాట నమ్మి రెండు డ్రైవ్‌లకు అప్లయ్ చేయలేదు!

1951లో అమెరికా సైకాలజిస్టు సోలమన్ ఆష్ కాలేజీ కుర్రాళ్లకు కొన్ని గీతలు చూపించి, పొడవులో సమానమైనవి ఏవో చెప్పమన్నాడు. చిన్నపిల్లలైనా చెప్పేస్తారు. కానీ గదిలో అసలు అభ్యర్థి ఒక్కడే. మిగతావాళ్లంతా కావాలని తప్పు చెప్పేందుకు కూర్చున్నవాళ్లు. నూటికి దాదాపు 75 మంది ఒక్కసారైనా ఆ తప్పుకే తలూపారు. అసలు సంగతి ఏంటంటే, పక్కన ఇంకొక్కడు నిజం చెబితే చాలు, ఈ తలూపడం బాగా తగ్గిపోయింది.

ఐటీలో ఫ్రెషర్ల నియామకాలు తగ్గిన మాట నిజమే. ‘తగ్గాయి’ వేరు, ‘లేవు’ వేరు. 1960ల్లో ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలోనూ ముఖ్యమైన పని ఇదే: బుర్రలోకి వచ్చిన ఆలోచనను ‘దీనికి ఆధారమేంటి?’ అని నిలదీయడం. ఈసారి గ్రూపులో ఆ ప్రశ్న మీరే అడగండి. భయంతో నిద్ర పట్టకపోతుంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.