కొయ్యను నిలిపే చిన్న సీల



మా మొగుడంపల్లిలో తెరచాప పడవను కళ్ళారా చూసినవాళ్ళు బహు తక్కువ. జహీరాబాదు ప్రాంతమంతా ఎర్రనేల. చెరకు, అల్లం, కంది, జొన్న పండే చోటు. వానలు బాగా పడితే నారింజ వాగు పారుతుంది, లేకుంటే లేదు. అలాంటి ఊరివాడు పడవ మరమ్మతు గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కాని పోయిన వానాకాలంలో మా చెల్లెలి కొడుకు చేతి కింద రెండు రోజులు ఆ పనిలో సాయం చేశాను. అక్కడ నేర్చుకున్నది మన ఇళ్ళకు కూడా పనికివస్తుందని తోచి ఈ నెల ఇది రాస్తున్నాను.

మా మేనల్లుడు హైదరాబాదులో పడవలు బాగుచేసే పని చేస్తాడు. కుతుబ్‌షాహీల కాలంలో, 1560లలో కట్టిన హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవలు నడపడం ఎంతోకాలంగా ఉన్నదే. సైన్యానికి చెందిన ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, సంజీవయ్య పార్కు దగ్గరి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ అక్కడివే. నేను చెప్పబోయే పడవ వీటిలో దేనిదీ కాదు. కొందరు స్నేహితులు డబ్బులు కలుపుకొని కొనుక్కున్న పాత పడవ.

అది ఎంటర్‌ప్రైజ్ అనే రకం. జాక్ హోల్ట్ అనే ఆంగ్లేయుడు 1956లో దీన్ని రూపొందించాడు. పొడవు నాలుగు మీటర్లకు కాస్త ఎక్కువ. ఇద్దరు కూర్చుని నడుపుతారు. లేజర్ అనే మరో రకం పడవలో కొయ్యను అడుగున ఒక గుంటలో దింపితే చాలు, వేరే ఆధారం లేకుండా నిలబడుతుంది. ఎంటర్‌ప్రైజ్‌లో అలా కాదు. కొయ్యను మూడు స్టీలు తీగలు పట్టి నిలుపుతాయి. ఒకటి ముందుకు, రెండు చెరో పక్కకు. ప్రతి తీగ చివర పడవ అంచున ఒక స్టీలు పట్టీకి తగిలిస్తారు. తీగకూ పట్టీకీ మధ్య చిటికెన వేలికన్న సన్నని సీల ఒకటి దూరుతుంది. ఆ సీల జారిపోకుండా తాళంచెవుల రింగు లాంటి బుల్లి రింగు వేస్తారు. మనిషికి మూడింతల పొడవున్న కొయ్య, దానిమీది తెరచాప, ఆ తెరచాపలో నిండిన గాలి, ఇంత బరువూ చివరికి వచ్చి ఆ బుల్లి రింగు కాపలా కాసే సీల మీదనే పడుతుంది.

మన ఎడ్లబండికి కడసీల ఎలాగో ఇదీ అలాగే. కడసీల ఊడితే చక్రం ఎంత గట్టిదైనా బండి నిలవదు గదా!

జూలై నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పడవలో ఇద్దరు పిల్లలు నేర్చుకోవడానికి వెళ్ళారు. గాలి ఒక్కసారి విసిరింది. గాలి వచ్చే వైపు తీగ పట్టీ నుండి ఊడింది. కొయ్య రెండోవైపుకు నీళ్ళలో కూలింది, పడవ బోల్తాపడింది. పిల్లలిద్దరూ లైఫ్ జాకెట్లు వేసుకొని ఉన్నారు. వెనకాలే వస్తున్న మోటారు పడవవాళ్ళు క్షణాల్లో అందుకున్నారు. ఒకడికి భుజం గీరుకుపోయింది, అంతే. కొయ్య ఒక్క మూర ఇటుగా పడి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేస్తుంది.

ఆ రాత్రి మేనల్లుడు నాకు ఫోను చేశాడు. గొంతు వణుకుతున్నది.

"మామయ్యా, ఆ రింగు లేదని వారం కిందటే చూసిన. కొత్తది తెచ్చేదాకా ఉంటదిలే అని బైండింగ్ వైరు చుట్టిన. తరువాత మరిచిపోయిన" అన్నాడు.

ఏం చెప్పాలో నాకు తోచలేదు. "పిల్లలు బాగున్నారు గదా, ముందు దేవునికి వందనాలు చెప్పుకో. పొద్దున్నే బస్సెక్కి వస్తాను" అన్నాను. హైదరాబాదు మా ఊరికి వంద కిలోమీటర్లకు పైనే.

నేను వెళ్ళేసరికి పడవ ఒడ్డున ఉంది. కొయ్యను పక్కన రెండు దిమ్మెల మీద పడుకోబెట్టారు. పడవ స్వంతదారుల్లో ఒకాయన వచ్చి, "ఊడింది ఒక్క సీలే గదా, అది వేసేయ్. వచ్చే ఆదివారం పిల్లలు మళ్ళీ వస్తారు" అన్నాడు.

మేనల్లుడు తల వంచుకునే జవాబు చెప్పాడు. "సార్, దానితోపాటు వేసినవన్నీ దానంత పాతవే. అన్నీ చూసి, అరిగినవి మార్చకుండ నేను పిల్లలను ఎక్కించను. నా కూలి తీసుకోకండి, సామాను తెప్పించండి."

ఆయన కాసేపు గొణిగాడు గాని చివరికి ఒప్పుకున్నాడు. తప్పు చేసినవాడు బాధపడటం మామూలే. బాధతో ఆగిపోక, పని ఇష్టంలేనివాళ్ళ ముందు నిలబడి, చేయవలసిందంతా చేస్తానని అనడం నాకు నచ్చింది.

ఇక పరీక్ష మొదలుపెట్టాం. ఒక పాత పంచె ముక్క నా చేతికిచ్చి తీగ పొడవునా మెల్లగా తుడవమన్నాడు. తీగ మూడు మిల్లీమీటర్ల మందం, అందులో పంతొమ్మిది సన్నని పోగులు మెలేసి ఉంటాయి. మంచి స్థితిలో ఉంటే అది సుమారు ఏడువందల కిలోల బరువు దాకా తెగదు. కంటికి తళతళలాడుతున్నది. కాని అడుగున, తీగ బిగింపులోకి దూరే చోట, గుడ్డ పట్టుకుంది. చూస్తే రెండు పోగులు తెగి ముల్లులా లేచి ఉన్నాయి. వట్టి చేత్తో తుడిస్తే వేలు తెగేది. "ఒక్క పోగు తెగినా ఆ తీగ పని అయిపోయినట్టే" అన్నాడు.

తరువాత పట్టీల రంధ్రాలు చూశాం. గుండ్రంగా ఉండవలసినవి కోడిగుడ్డు ఆకారానికి వచ్చాయి. పడవ అటు తిరిగినప్పుడు ఒక వైపు తీగ బరువు మోస్తుంది, ఇటు తిరిగినప్పుడు రెండోది. తిరిగిన ప్రతిసారీ సీల ఒక చిన్న కుదుపు తింటుంది. ఏళ్ళ తరబడి ఆ కుదుపులకు రంధ్రం సాగుతుంది, సీల నడుమ గాడి పడుతుంది. సీలను బయటికి తీస్తే తప్ప ఆ గాడి కనిపించదు.

పట్టీలను విప్పినప్పుడు అసలు ఆశ్చర్యం కలిగింది. బయటి భాగం మన వంటింటి స్టీలు గిన్నెలా మెరుస్తున్నది. చెక్కకు ఆనుకుని ఉన్న లోపలి భాగం గోధుమరంగు మచ్చలతో, సూది గుచ్చినట్టు గుంటలతో ఉంది. "స్టీలు తుప్పు పట్టదంటారు గదరా?" అని అడిగాను. దానికి కారణం చెప్పాడు. ఆ స్టీలులో క్రోమియం ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనిపించని పొర కడుతుంది. గీత పడినా పొర మళ్ళీ కట్టుకుంటుంది. కాని గాలి ఆడని సందులో నీళ్ళు నిలిచిపోతే పొర కట్టుకోదు, అక్కడ లోలోపల తినేస్తుంది. అంటే ఆ లోహం పాడయ్యేది సరిగ్గా మనం చూడని చోటనే.

యెషయా గ్రంథం 33వ అధ్యాయంలో ప్రవక్త ఇలాంటి ఓడ పోలిక ఒకటి చెప్పాడు. తాళ్ళు సడలిన ఓడ కొయ్యను నిలపలేదు, తెరచాపను విప్పలేదు. ఎన్నోసార్లు చదివిన మాటే గాని ఆ షెడ్డులో కూర్చున్నప్పుడు గాని నాకు దాని భావం తెలియలేదు.

రెండో రోజు కొత్త సామాను వచ్చింది. పని చేసిన క్రమం చెప్తాను. పాత తీగను బిగించి లాగి, ఈ చివరి రంధ్రం నడిమి నుండి ఆ చివరి రంధ్రం నడిమి దాకా కొలిచాడు. ఒక పక్క తీగ ఒక్కటే తెగినా రెండు పక్కలవీ కలిపే మార్చాడు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే సాగడంలో తేడా వచ్చి కొయ్య ఒక వైపుకు వాలుతుందట. పట్టీల కింద నీళ్ళు దిగకుండా కొత్త సీలెంటు పూసి బోల్టులు బిగించాడు. సీలలన్నీ కొత్తవి, రింగులన్నీ కొత్తవి. ఒకసారి వంచి తీసిన స్ప్లిట్ పిన్నును మళ్ళీ వాడలేదు. రింగు తెరచాపకో తాడుకో తగిలి ఊడకుండా ప్రతి రింగు మీదా టేపు చుట్టాడు. పైన తాడు తిరిగే కప్పీ ఒక వైపు అరిగి తాడును కోస్తున్నదని దాన్నీ మార్చాడు. చివరికి ముగ్గురం కలిసి కొయ్య నిలబెట్టాం. పిల్లలకంటే ముందు తానే మూడు సాయంత్రాలు నడిపి, ప్రతిసారీ ఒడ్డుకు వచ్చాక అన్ని సీలలూ చేత్తో తడిమి చూశాడు. నాలుగోవారం గాని పిల్లలను ఎక్కనివ్వలేదు.

తిరిగి వస్తుంటే మా నాన్నగారు గుర్తుకొచ్చారు. మా ఇంటి వెనక గిరక బావి ఉండేది. ఎండాకాలం రాకముందే ఆయన చేదతాడు మార్చేవారు. "ఇంకా గట్టిగానే ఉంది గదా" అని అమ్మ అంటే, "గట్టిగ ఉన్నప్పుడే తీస్తే పశువులకు పలుపుకన్న పనికొస్తది. తెగినంక తీస్తే బొక్కెన కూడ బావిలనే పోతది" అనేవారు. పాత తాడును నిజంగానే దూడలకు కట్టేవారు. అది పిసినారితనం కాదు, అజాగ్రత్తా కాదు.

ప్రియ పాఠకులారా, మన ఇళ్ళలో పడవలు లేవు. కాని కొక్కేలూ సీలలూ ఉన్నాయి. ఈ నెలలో ఒక శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి ఇవి చూడండి. పసిబిడ్డ ఊయల వేలాడే కొక్కెం లోపలి వంపులో గాడి పడిందేమో తడమండి. కరెంటు ఆపి, స్టూలు వేసుకొని, సీలింగు ఫ్యాను పైన బోల్టుకు స్ప్లిట్ పిన్ను ఉందో లేదో, కొక్కెం దగ్గర రబ్బరు బుష్ అరిగిందో లేదో చూడండి. పిల్లవాడి సైకిలు బ్రేకు తీగ పిడి దగ్గర పోగులు లేచాయేమో గమనించండి. గ్యాసు పొయ్యి గొట్టం మీద అచ్చువేసిన తేదీ చదవండి. సురక్షా గొట్టాన్ని అయిదేళ్ళకోసారి మార్చమని గ్యాసు కంపెనీలు చెప్తున్నాయి. ఎక్కడైనా "ప్రస్తుతానికి" అని మీరు చుట్టిన బైండింగ్ వైరు కనిపిస్తే, ఆ రోజే దాన్ని తీసి అసలైనది వేయండి.

మొన్న మేనల్లుడు మొగుడంపల్లి వచ్చినప్పుడు జేబులోంచి ఒక చిన్న వస్తువు తీసి నా చేతిలో పెట్టాడు. ఊడిపోయిన ఆ సీలే. నడుమ గాడి పడి, ఒక వైపు సగానికి సగం అరిగిపోయి ఉంది. "మీ దగ్గరనే ఉంచండి మామయ్యా. నా దగ్గర ఇంకొకటి ఉంది, రెండో వైపుది" అన్నాడు. దాన్ని నా రాతబల్ల మీద పెట్టుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఎదురుగానే ఉంది.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాం.