కన్నీళ్లు సరే, దూలం మాటేమిటి?

డిసెంబరు 31 రాత్రి తెలుగు చర్చిల్లో వాగ్దానాల కార్డులు పంచుతారు. కొత్త ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అంటూ కొందరు దాన్ని బైబిల్లో దాచుకుంటారు, కొందరు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు. ఆ కార్డుల మీద బాగా చెలామణీ అయ్యే వాక్యాల్లో యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఒకటి. దేవుడు మన మేలే తలపెట్టాడని, ముందుకాలం మీద ఆశ పెట్టుకోవచ్చని దాని భావం. వీసా కోసం ఎదురుచూసేవాడు అందులో వీసాను చూసుకుంటాడు, పిల్లల్లేని దంపతులు పిల్లల్ని చూసుకుంటారు. చూసుకోనివ్వండి. కష్టంలో ఉన్న మనిషి చేతిలో కార్డు లాక్కోవాలన్న సరదా నాకేమీ లేదు. నా పేచీ అంతా ఆ కార్డులు పంచుతూ, ప్రవచనమంటే ఇదేనని జనాన్ని నమ్మించేవాళ్లతో.

ఆ వచనం ఒక ఉత్తరంలోది. క్రీ.పూ. 597లో బాబిలోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీద పడి రాజునూ రాజు తల్లినీ అధికారులనూ, చివరికి కమ్మరులతో సహా చేతిపనివాళ్లనూ చెరపట్టుకుపోయాడు. వాళ్లకి యిర్మీయా ప్రవక్త రాసి పంపిన ఉత్తరం అది. అందులో ఏముంది? మీరు ఇప్పట్లో తిరిగి రారు, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని ఉంది. డెబ్భై ఏళ్ల తర్వాతే విడుదల అని ఉంది. ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది బాబిలోను మట్టిలోనే కలిసిపోతారని అక్కడున్న ప్రతివాడికీ అర్థమయ్యే ఉంటుంది. ఆ డెబ్భై ఏళ్ల మాట అయ్యాకే 11వ వచనం వస్తుంది. కార్డు మీద మాత్రం 10వ వచనం ఉండదు.

జనం కోరుకున్న కబురు చెప్పినవాడు అప్పుడూ ఉన్నాడు. గిబియోను వాడు, పేరు హనన్యా. యిర్మీయా మెడ మీద కొయ్య కాడి పెట్టుకుని వీధుల్లో తిరుగుతూ, బాబిలోనుకు లొంగండి, ప్రాణాలు దక్కించుకోండి అని చెబుతున్న రోజులవి. హనన్యా దేవాలయంలో, యాజకులూ జనమూ చూస్తుండగా, అతనికి ఎదురు నిలిచాడు. రెండేళ్లలో రాజూ వస్తాడు, చెరపోయినవాళ్లూ వస్తారు, దోచుకుపోయిన ఆలయపాత్రలూ వస్తాయి అన్నాడు. యిర్మీయా మొదట ఆమేన్ అన్నాడు. అలా జరిగితే అంతకంటే కావలసిందేముంది అన్నాడు. ప్రవక్తల పుస్తకాల్లో నాకు బాగా నచ్చిన చోట్లలో అదొకటి, ఆ మాట వెటకారంగా అన్నాడనిపించదు నాకు. ఆ తర్వాత, శాంతి వస్తుందని చెప్పేవాడి మాట నిజమో కాదో జరిగాకే తేలుతుందని చెప్పాడు. అప్పుడు హనన్యా అతని మెడ మీది కాడిని లాగి విరిచేశాడు. యిర్మీయా తన దారిన వెళ్లిపోయాడు. కొయ్య కాడి బదులు ఇనుప కాడి వస్తుందని చెప్పడానికి తిరిగి వచ్చింది తర్వాతే. హనన్యా ఆ ఏడాదే చచ్చిపోయాడు.

మరి ఈ డిసెంబరు రాత్రి వేదిక మీద నిలబడి, ఈ ఏడాది నీదే, మూసుకున్న తలుపులన్నీ తెరుచుకుంటాయి అంటున్నవాడు ఎవరి వంశం? చేతిలో ఉన్నది యిర్మీయా ఉత్తరం, గొంతు మాత్రం హనన్యాది.

భవిష్యత్తు పిచ్చికి ఇంకో కొమ్మ కూడా ఉంది. యెహెజ్కేలు 38వ అధ్యాయంలోని గోగు రష్యాయేనని, లెక్కలన్నీ సరిపోయాయని పటాలు గీసి చూపించే కొమ్మ. అమెరికాలో హాల్ లిండ్సే 1970లో రాసిన పుస్తకం ఆ వాదాన్ని ఊరూరా తిప్పింది. సోవియట్ యూనియన్ కూలిపోయి మూడు దశాబ్దాలు దాటినా ఆ లెక్క మాత్రం కూలలేదు, తేదీలు మార్చుకుని యూట్యూబ్‌లోకి వచ్చింది. ఈ రెండు కొమ్మలకీ మొదలు ఒకటే: ప్రవక్త అంటే రాబోయేది ముందే చెప్పేవాడు, చెప్పింది జరిగితే అసలువాడు.

ఆ కొలతతో కొలిస్తే యోనా దొంగ ప్రవక్త. నలభై రోజుల్లో నీనెవె నేలమట్టం అన్నాడు. కాలేదు. కథను చరిత్రగా చదివినా కల్పనగా చదివినా అక్కడ జరిగిందిదే. ఊరు మారింది, దేవుడు మనసు మార్చుకున్నాడు, ప్రవక్త పరువు పోయిందని అలిగి ఊరి బయట కూర్చున్నాడు. యోనాకి కూడా మన రోగమే. తన మాట నెగ్గాలి, ఊరు ఏమైపోయినా సరే.

మీకా సంగతి ఇంకా స్పష్టం. సీయోనును పొలంలా దున్నేస్తారు, యెరూషలేము రాళ్ల కుప్ప అవుతుంది అన్నాడు, హిజ్కియా రాజు కాలంలో. అప్పుడు అది జరగలేదు. సుమారు నూరేళ్ల తర్వాత, ఆలయం కూలుతుందన్నందుకు యిర్మీయాను చంపాలని గుంపు కేకలు వేస్తుంటే, దేశంలోని పెద్దలు లేచి మీకా పేరెత్తారు. హిజ్కియా అతన్ని చంపాడా? దేవుడికి భయపడ్డాడు, ఆపద తప్పింది అన్నారు. ఫలించని జోస్యాన్ని ఆ పెద్దలు యిర్మీయా తరఫున సాక్ష్యంగా నిలబెట్టారు. మీకా చెప్పింది జరగలేదు కాబట్టి అతను అబద్ధీకుడని ఒక్కరూ అనలేదు. ఇదే అధ్యాయంలో ఊరియా అనే ఇంకో ప్రవక్త ఉన్నాడు. అవే మాటలు చెప్పి ఐగుప్తుకు పారిపోతే రాజు యెహోయాకీము పట్టి తెప్పించి కత్తికి బలిచ్చాడు. అతనికి వాగ్దాన కార్డు లేదు.

ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చెప్పింది జరగకపోతే అది దేవుడి మాట కాదంటుంది కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అదే పుస్తకం 13వ అధ్యాయంలో, చెప్పిన సూచన జరిగినా సరే, వేరే దేవుళ్ల వెంట తిప్పేవాణ్ణి నమ్మొద్దంటుంది. అంటే జరగడం ఒక్కటే చాలదు. బెదిరింపుగా వచ్చిన మాటకు వెనుదిరిగే దారి ఎప్పుడూ తెరిచి ఉంటుందని యిర్మీయా 18వ అధ్యాయంలో కుమ్మరి ఇంటి దగ్గర తేల్చి చెప్పాడు. యెహెజ్కేలు అయితే ఇంకా నిబ్బరస్తుడు. తూరు పట్టణాన్ని నెబుకద్నెజరు దోచుకుంటాడని 26వ అధ్యాయంలో చెప్పి, అంత పాటుపడ్డా అతనికి తూరులో కూలి గిట్టలేదని 29వ అధ్యాయంలో తనే ఒప్పుకున్నాడు. రెండు మాటలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి, ఎవరూ కొట్టేయలేదు.

జోస్యం విషయంలో పొరపడ్డవాళ్లు పశ్చాత్తాపం విషయంలోనూ పొరపడక తప్పదు. జరగబోయేది ఎలాగూ జరుగుతుందనుకున్నాక మనిషి చేయగలిగింది ఏడవడమే. కాబట్టి ఏడిపిస్తారు. కీబోర్డు మెల్లగా మొదలవుతుంది, లైట్లు తగ్గుతాయి, చేతులు పైకి లేస్తాయి. ఆ కన్నీళ్లు నిజమైనవే కావచ్చు. అయితే నీనెవె కథలో దేవుడు దేన్ని చూశాడో రచయిత కచ్చితంగా రాశాడు: వాళ్ల పనులను. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదుల మిష్నాలో దీన్ని పట్టుకున్న చోటు ఒకటుంది. వానలు పడని ఏట ఉపవాసం పెట్టి, ధర్మశాస్త్రపు చుట్టలుంచే మందసాన్ని ఊరి నడివీధికి తెచ్చి, తలల మీద బూడిద వేసుకున్నాక, అందరికంటే పెద్దవాడు లేచి వాళ్లను మందలిస్తాడు. నీనెవెవాళ్ల గోనెపట్టనూ ఉపవాసాన్నీ దేవుడు చూశాడని ఎక్కడా లేదు, చూసింది వాళ్ల పనులనే అని గుర్తుచేస్తాడు. తలల మీద బూడిద ఇంకా అలాగే ఉండగా! ఆ మిష్నాకు వ్యాఖ్యానంగా పెరిగిన తల్మూదులో సమూయేలు అనే పండితుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. నీనెవెలో ఎవడైనా ఒక దూలం దొంగిలించి తన మేడలో పెట్టి కట్టుకుని ఉంటే, మేడంతా పడగొట్టి ఆ దూలాన్ని సొంతదారుకి ఇచ్చేశాడని చెప్పాడు.

మేడ పడగొట్టడమంటే ఏమిటో తెలియాలంటే యిర్మీయా 34వ అధ్యాయం చదవాలి. సండే స్కూలులో దాన్ని ఎవరూ చెప్పరు. నెబుకద్నెజరు సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. హెబ్రీ దాసుణ్ణి ఏడో ఏట విడిచిపెట్టాలని ధర్మశాస్త్రం, తరతరాలుగా ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చేసరికి సిద్కియా రాజు అందరినీ కూర్చి దేవాలయంలో ఒడంబడిక చేయించాడు. దూడను రెండుగా నరికి, ఆ ముక్కల మధ్య నుంచి నడిచారు. దాసులనూ దాసీలనూ వదిలేశారు. (ముట్టడిలో వాళ్లకి తిండి పెట్టే ఖర్చు తప్పిందన్న లెక్క కూడా కొందరికి ఉండే ఉంటుంది. నాకైతే ఆ అనుమానం పోదు.) ఇంతలో ఐగుప్తు నుంచి ఫరో సైన్యం బయలుదేరింది. ఆ కబురు విని బాబిలోనువాళ్లు ముట్టడి ఎత్తేశారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. పీల్చుకోగానే చేసిన మొదటి పని, విడిచిపెట్టిన దాసులను మళ్లీ పట్టి తెచ్చుకోవడం. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య.

ఈ అధ్యాయంలో ఎవరూ ఏడవలేదు. బట్టలు చింపుకోలేదు. అయినా దాసులను వదిలిన ఆ మొదటి పనిని దేవుడు సరైన పనేనని ఒప్పుకున్నాడు. భయంతో చేసినా లెక్కలోకి తీసుకున్నాడు. వెనక్కి తీసుకున్నాక మాత్రం, మీ సాటివాళ్లకు మీరివ్వని విడుదల మీకు నేనిస్తాను, కత్తికీ కరువుకీ తెగులుకీ మిమ్మల్ని విడిచిపెడతాను అని కబురు పంపాడు. బాబిలోను సైన్యం తిరిగి వచ్చింది. క్రీ.పూ. 586 నాటికి ఊరూ లేదు, ఆలయమూ లేదు.

మరి అహాబు రాజు ఏడిస్తే దేవుడు కరగలేదా అంటారు. కరిగాడు, కొంత. నాబోతును చంపించి ద్రాక్షతోట లాక్కున్నాక ఏలీయా ఎదురుపడి నిలదీస్తే, అహాబు బట్టలు చింపుకుని గోనె కట్టాడు. దొరికింది వాయిదా మాత్రమే, శిక్ష కొడుకు కాలానికి జరిగింది. తోటను నాబోతు వాళ్లకి తిరిగి ఇచ్చినట్టు ఎక్కడా లేదు. ఆ కొడుకు యెహోరాము శవాన్ని యెహూ విసిరేయించింది ఆ నాబోతు పొలంలోనే.

మన సభల్లో సాక్ష్యాలు చెబుతారు. జబ్బు నయమైందని, ఉద్యోగం వచ్చిందని, అమెరికా వెళ్లామని. తీసుకున్న కట్నం మామగారికి తిరిగి ఇచ్చేశానని మైకులో చెప్పినవాణ్ణి నేను వినలేదు. పొలం గట్టు జరిపి కలుపుకున్న నాలుగు సెంట్లు తమ్ముడికి వదిలేశానన్నవాణ్ణీ వినలేదు. ఉపవాసం ఉన్న రోజునే పనివాళ్లను పీడిస్తున్నారని యెషయా 58వ అధ్యాయం మండిపడుతుంది. ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన పెట్టే సంఘం మొదటి రోజే ఆ అధ్యాయం చదివి, ఎవరి కూలి ఎవరి దగ్గర నిలిచిపోయిందో ముందు వరసలో కూర్చున్నవాళ్లనే అడగవచ్చు. కానుకల పెట్టె ఆ వరస మీదే నిండుతుంది కాబట్టి అడగరు. బేతేలులో యాజకుడు అమజ్యా కూడా ఆమోసు ప్రవక్తను, యూదాకి పో, నీ కూడు అక్కడ సంపాదించుకో అన్నాడు. ప్రవచనమంటే అతనికి తెలిసింది కూడు సంపాదించే పనే. ఆమోసుకి ఆ భయం లేదు, మందలున్నాయి, మేడిచెట్ల పనీ ఉంది.