సంతలో అందరూ ఒకే రేటు చెప్తే? దానికీ ఒక చట్టం ఉంది

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మన ఏజెన్సీ సంతలకి చింతపండు, కొండచీపుర్లు, పిప్పళ్లు దించుతాం. ఒక షావుకారు చెప్పిన రేటే పక్కోడూ చెప్తాడు, ఆ పక్కోడూ చెప్తాడు. మళ్లీ కొండెక్కించి మోసుకెళ్లలేం కదా, ఇచ్చేసి వచ్చేస్తాం. మనవాళ్లు దీన్ని ఖర్మ అంటారు. వ్యాపారులు ముందే మాట్లాడుకుని ఆ రేటు పెడితే చట్టం దాన్ని కుమ్మక్కు అంటుంది.

ఆ చట్టం పేరు పోటీ చట్టం, 2002. అమలు చేసేది కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా, పొట్టిగా సీసీఐ. పత్తి కొనే సీసీఐ వేరు, ఇది వేరు. ఢిల్లీలో ఉంటుంది, 2009 నుంచి కేసులు చూస్తోంది.

చట్టం చెప్పేది ఇంతే. ఒకే వ్యాపారం చేసేవాళ్లు కలిసి ధర ఫిక్స్ చేయకూడదు. ఏరియాలు పంచుకోకూడదు. టెండర్లలో లోపాయికారీగా మాట్లాడుకోకూడదు. మార్కెట్లో పెద్దోడిగా ఎదగడం తప్పు కాదు గానీ, ఆ బలంతో అన్యాయమైన షరతులు పెట్టకూడదు.

కాగితం మీద చట్టమే అనుకోవద్దు. 2012లో 11 సిమెంట్ కంపెనీలు కుమ్మక్కయ్యాయని సుమారు 6,300 కోట్ల జరిమానా వేసింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022లో ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో గూగుల్‌కి 1,337 కోట్లకు పైగా వేసింది. కుమ్మక్కులో ఉన్నవాడే ముందుగా వచ్చి పూర్తి ఆధారాలిస్తే వాడి జరిమానా తగ్గిస్తారు, మొత్తం మాఫీ కూడా చేయొచ్చు. దొంగల మధ్య నమ్మకం పోవాలనే ఆ ఏర్పాటు.

ఇవన్నీ కొనుక్కునేవాళ్ల కేసులే. మేము గట్టిగా చెప్పాలనుకున్నది వేరే. మూడో సెక్షన్‌లో అమ్మే ధరతో పాటు కొనే ధర కూడా ఉంది. అంటే మన పంట, మన అటవీ ఫలసాయం కొనేవాళ్లు కూడబలుక్కుని రేటు తొక్కేసినా ఈ చట్టం కిందకే వస్తుంది. హాస్టల్ గుడ్లు, బియ్యం టెండర్లలో కాంట్రాక్టర్లు కుమ్మక్కైనా అంతే.

అయితే అందరిదీ ఒకే రేటు అన్నంత మాత్రాన రుజువైపోదు. ముందే మాట్లాడుకున్నారని తేలాలి. అందుకే ఏ వారం, ఏ సంతలో, ఎవరు ఎంత చెప్పారో రాసిపెట్టుకోవాలి. ఆ పని చదువుకున్న మనమే చేయాలి. తూకంలో మోసమైతే తూనికలు కొలతల శాఖకి, ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకుంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలి. అన్నీ సీసీఐ చూడదు.

మాకు నచ్చనిది కూడా చెప్తాం. ఒక మనిషి ఫిర్యాదు ఇవ్వాలంటే ఫీజే 5,000 రూపాయలు. పోడు చేసుకునే కుటుంబం అంత ఎక్కడ తెస్తుంది? గ్రామసభ ఇచ్చే ఫిర్యాదుకి ఫీజు ఎత్తేయాలి, తెలుగులో రాసినా తీసుకోవాలి అని మా అభిప్రాయం.

అప్పటిదాకా ఇంకో దారి ఉంది. 19వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వమే కమిషన్‌కి విషయం పంపొచ్చు. మన ఎమ్మెల్యేలని, ఐటీడీఏ పీవోలని రోడ్డు, కరెంటు అడుగుతున్నాం కదా, ఇది కూడా అడుగుదాం. సిమెంట్ బస్తా రేటు మీద విచారణ చేసిన కమిషన్ చింతపండు రేటు మీద ఎందుకు చేయదు?

మీ సంతల్లో ఎలా ఉందో కామెంట్లో రాయండి. జోహార్.