పీపా మూత తెరవని ప్రభుత్వాలు

మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో మూత్రపిండాలు చెడి పసిబిడ్డలు ఒకరి వెంట ఒకరు మరణించిన సంగతి 2025 అక్టోబరు మొదట్లో దేశమంతా పాకినప్పుడు, రాయపూర్‌లోని ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం రెండు మాటలు చెప్పింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గుమందు ఇవ్వరాదన్నది ఒకటి. ఆ మందుల తయారీ సంస్థలు రాష్ట్ర వైద్యసేవల కార్పొరేషన్ జాబితాలోనే లేవన్నది రెండవది. మొదటిది ఢిల్లీ పంపిన సలహాకు ప్రతిధ్వని. రెండవది నిజమే కావచ్చు. అయితే ఛింద్వాడా తల్లులకు ఆ సీసా అందింది సర్కారు గోదాము నుంచి కాదు. క్లినిక్‌లో రాసిన చీటీ మీద, మందుల దుకాణం నుంచి. సర్కారు జాబితాలో పేరు లేకపోవడం దుకాణంలో కొనేవాడికి ఏ రక్షణ?

కాంచీపురం జిల్లాలో శ్రీసన్ సంస్థ తయారుచేసిన కోల్డ్రిఫ్ మందును తమిళనాడు అధికారులు పరీక్షించగా, వంద మిల్లీలీటర్లకు 48.6 గ్రాముల డైఇథిలిన్ గ్లైకాల్ బయటపడింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. అంటే ఇది పొరపాటున కలిసిన మలినం కాదు, సీసాలో సగం అదే. బ్రేకు ద్రవాల్లోను, రెజిన్లలోను వాడవలసిన పారిశ్రామిక రసాయనమది. రుచికి తీపి, చూపుకు గ్లిజరిన్ వంటిదే. మందులో వాడదగిన ప్రొపిలిన్ గ్లైకాల్‌కూ దానికీ కంటితో తేడా పోల్చలేము. ఒంట్లోకి వెళ్లాక కాలేయం దానిని ఆమ్లాలుగా మారుస్తుంది. వాటిలో డైగ్లైకాలిక్ ఆమ్లం మూత్రపిండ నాళికలను చంపుతుంది. మూత్రం ఆగిపోయేదాకా తల్లిదండ్రులకు అది మామూలు జ్వరమే.

దీని విషతుల్యతను తేల్చడానికి కొత్త నిపుణుల సంఘం అక్కరలేదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ ద్రావణం నూరుమందికి పైగా ప్రాణాలు తీసింది; మరుసటి ఏడాదికే అక్కడ కొత్త చట్టం వచ్చింది. మన లెక్క వేరు. మద్రాసు 1973, బొంబాయి జేజే ఆసుపత్రి 1986, గుర్గావ్ 1998, జమ్మూలోని రామ్‌నగర్ 2020. జేజే మరణాలపై జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపి నివేదిక ఇచ్చింది. నివేదికలకు ఈ దేశంలో ఎన్నడూ కొరత లేదు.

అన్నిటికంటె సిగ్గుచేటు మరొకటుంది. 2022లో గాంబియాలో సుమారు డెబ్బైమంది పిల్లల మరణానికి భారతీయ దగ్గుమందులతో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించాక, 2023 జూన్ 1 నుంచి ఎగుమతి అయ్యే ప్రతి దగ్గుమందునూ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రయోగశాలలో పరీక్షించాలన్న నిబంధన వచ్చింది. ఎగుమతికి మాత్రమే! విదేశీ శిశువుకు ధ్రువపత్రం, స్వదేశీ శిశువుకు దైవాధీనం.

ఆ వారం నడిచిన తంతు చూడండి. ఛింద్వాడా నుంచి తీసిన నమూనాలు కొన్నింటిలో విషం లేదని కేంద్రం, మధ్యప్రదేశ్ ప్రకటించాయి. తయారీ కేంద్రానికే వెళ్లి నమూనా తీసిన తమిళనాడు దానిని పట్టుకుంది. తొందరపడి జారీచేసిన 'లేదు' అనే మాట ప్రజలకు భరోసా ఇవ్వడానికా, వేళ్లు తమవైపు తిరగకుండా చూసుకోవడానికా?

రాయపూర్‌కు ఇది తొలి హెచ్చరిక కూడా కాదు. 2014 నవంబరు 8న బిలాస్‌పూర్ దగ్గర సక్రీ శిబిరంలో ఒకే సర్జన్ 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశాడు. ఆ రోజుల్లో జరిగిన శిబిరాల్లో 13 మంది మరణించారు. రాయపూర్‌లో మహావర్ ఫార్మా తయారుచేసిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల్లో ఎలుకలమందులో వాడే జింక్ ఫాస్ఫైడ్ ఉందని ప్రభుత్వం ఆరోపించింది; సంస్థ కాదన్నది; శిబిరపు అపరిశుభ్రతే కారణమని పలువురు వైద్యులు వాదించారు. ఎవరి మాట నిజమైనా, మాత్రల మీద అనుమానం పుట్టింది శవాలు లేచిన తరువాతే. శిబిరాలను మూడేళ్లలో ఆపాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మాత్రల సంగతి కోర్టుకు కూడా మిగిలిపోయింది.

ఈలోగా పార్లమెంటు 2023లో జన విశ్వాస్ చట్టం తెచ్చి, నాసిరకం మందుల కేసుల్లో కొన్నింటిని రాజీ రుసుముతో ముగించే వీలు కల్పించింది. ప్రాణం తీసిన కల్తీకి అది వర్తించదని సమర్థకులు చెప్పే మాట సత్యమే. కానీ కల్తీ ప్రాణం తీసేంతవరకూ దాని పేరు నాసిరకమే కదా!

పీపాలో ఉన్నది ఏ గ్లైకాలో చెప్పడానికి పలుచని పొర క్రొమటోగ్రఫీ చాలు, చవకైన పరీక్ష. ముడిసరుకు కొన్నవాడు ప్రతి పీపాకూ అది చేయాలి, ఇన్‌స్పెక్టరు ఆ పత్రం అడగాలి. రాయపూర్ ప్రభుత్వం తన రాష్ట్రంలో దగ్గుమందు అమ్మే ప్రతి సంస్థనూ లాట్ వారీగా ఆ పత్రాలు బహిరంగంగా ఉంచమని రేపే ఆదేశించవచ్చు. అడ్డుపడే చట్టమేదీ లేదు. సవరించిన షెడ్యూల్ ఎం ప్రమాణాలకు మారడానికి చిన్న సంస్థలకు కేంద్రం పొడిగించి ఇచ్చిన గడువు 2025 డిసెంబరు 31. ఛింద్వాడా పిల్లలు ఆ గడువు లోపలే మరణించారు.