కిటికీకి వేసిన స్వెట్టర్

మీ ఊళ్ళో చలి ఎలా ఉంది? భోగిమంటకి పాత తట్టలూ బుట్టలూ పోగేస్తున్నారా? ఇక్కడ సిమ్లాలో మాకు మంట అంటే ఏడాదికోసారి సరదాగా వేసుకునేది కాదు. డిసెంబరు వచ్చిందంటే ఫిబ్రవరి వెళ్ళేదాకా మా బతుకంతా దాని చుట్టూనే.

మావారి ఉద్యోగం ధర్మమా అని తెనాలి దగ్గర పుట్టి పెరిగిన నేను 2,200 మీటర్ల ఎత్తున ఈ కొండమీద కాపురం చేస్తున్నాను. మనవైపు మంచు కురుస్తోంది అంటే తెల్లవారుజామున పొలాలమీద పొగలా కమ్మేది కదూ, ఎండ రాగానే పోతుంది. ఇక్కడి మంచు అలాంటిది కాదు. రాత్రంతా చప్పుడు లేకుండా పడుతుంది. పొద్దున్నే తలుపు తోస్తే తెరుచుకోదు. చూడ్డానికి బావుంటుంది, కాదనను. కొళాయిలో నీళ్ళు గడ్డకట్టి, చేతిలో బిందె పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం ఆ అందం కంటికి ఆనదు.

ముందు వంటింటి సంగతి చెప్పనివ్వండి. ఈ ఎత్తులో నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే తెర్లిపోతాయి. మరుగుతున్నాయి కదా అని కందిపప్పు గిన్నెలో పడేస్తే మధ్యాహ్నం దాకా పప్పు పప్పులాగే ఉంటుంది. కుక్కరు లేకపోతే ఇక్కడ గృహిణికి చెయ్యి లేనట్టే. ఇడ్లీ పిండి నన్ను మొదటి ఏడాది ఏడిపించింది. రెండు రోజులు ఉంచినా పొంగదు. ఇప్పుడు మినప్పప్పుతోబాటు ఒక చెంచా మెంతులు వేసి గోరువెచ్చటి నీళ్ళలో నానబోస్తాను. రుబ్బాక చేత్తోనే బాగా కలిపి, గిన్నెని పాత శాలువాలో చుట్టి రజాయిల పెట్టెలో పెడతాను. పెరుగుకి పాలు మామూలుగా కంటే ఒక పిసరు వేడిగా ఉండగానే తోడు వేసి హాట్‌కేసులో మూతపెడితే గడ్డపెరుగే.

మా పక్కింటి భాభీజీ సిడ్డు చేస్తుంది. గోధుమపిండి పులియబెట్టి, లోపల గసగసాలూ అక్రోట్లూ కూరి, ఆవిరిమీద ఉడికించి, నెయ్యి పోసుకుని తినేది. తన పిండి పొంగక ఆవిడా, నా పిండి పొంగక నేనూ ఒకే పొయ్యి పక్కన రెండు గిన్నెలు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. మా స్నేహం అక్కడ మొదలైంది. ఊలు అల్లటం నేర్పింది కూడా ఆవిడే.

ఇక్కడి ఆడవాళ్ళ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడలేదు. కాస్త ఎండ వస్తే చాలు, మెట్లమీద వరసగా కూర్చుంటారు. మాట మాటదే, అల్లిక అల్లికదే. ‘సీధా, ఉల్టా’ అని రెండే రెండు కుట్లు. ఆ రెండిటితోనే ప్రపంచంలోని డిజైన్లన్నీ వస్తాయట. నేను మొదట అల్లిన స్వెట్టర్‌కి ఒక చెయ్యి పొడుగు, ఒకటి పొట్టి. మావారు పాపం అది వేసుకునే ఆఫీసుకి వెళ్ళారు, పైన కోటు ఉంది కదా అని.

ఇంతకీ మీకు ఈ వారం చెప్పాలనుకున్నది 2020 జనవరి సంగతి.

ఆ డిసెంబరులో మా అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. కాల్కా నుంచి చిన్న రైల్లో తీసుకొచ్చాం. 1903లో వేసిన లైను అది, 96 కిలోమీటర్లు, 102 సొరంగాలు. ‘అన్నీ లెక్కపెడతాను’ అని కూర్చుని నలభయ్యో దాని దగ్గర నిద్రపోయారు. చలికి ఎలా తట్టుకుంటారో అని నా భయం నాది. ఆవిడకి మాత్రం ఒకటే బెంగ, గొంతు పట్టేస్తుందేమోనని. ఎందుకంటే ఆవిడ పాడతారు. కచేరీలు చేసిన మనిషి కాదు కానీ చిన్నప్పుడు పన్నెండేళ్ళు నేర్చుకున్నారు. ధనుర్మాసం కదా, పొద్దున్న అయిదున్నరకల్లా లేచి పక్కమీదే శాలువా కప్పుకుని రోజుకో పాశురం. ఆ తరవాత త్యాగరాజ కీర్తనలు. ఆ ఏడాది సంక్రాంతీ, త్యాగరాజ ఆరాధనా రెండూ జనవరి 15నే వచ్చాయి. ‘అయిదు పంచరత్నాలూ పాడతానమ్మాయ్, నువ్వు పక్కన కూర్చుని తాళం వెయ్యి’ అన్నారు. నాట, గౌళ, ఆరభి, శ్రీ నాకు కాస్త కూర్చోబెట్టి నేర్పారు. వరాళి మాత్రం నేర్పలేదు. ఆ రాగం గురువు ఎదురుగా కూర్చుని నేర్పితే ఇద్దరికీ పడదని వాళ్ళ నమ్మకం. ‘మనిద్దరం అసలే అత్తాకోడళ్ళం’ అని నవ్వారు. వంటింట్లో ఉండి చెవిన పడ్డంత పట్టుకున్నాను.

ఆవిడ గది కిటికీ పాతది. చెక్క కుదించుకుపోయి సందుల్లోంచి చలిగాలి కత్తిలా వచ్చేది. అందుకని మిగిలిన ఊలంతా పోగేసి నాలుగు వేళ్ళ వెడల్పున పొడుగ్గా ఒక పట్టీ అల్లి, ఆ సందుల్లో చాకుతో కూరాను. తలుపు కింద ఇంకోటి. ‘కిటికీకి కూడా స్వెట్టర్ వేశావే’ అని అత్తయ్యగారు మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, దాచుకోవటం ఎందుకు.

జనవరి రెండో వారంలో పెద్ద మంచు పడింది. ఆ సాయంత్రం బస్సులు ఆగిపోయాయి. మావారి ఆఫీసు నుంచి సంజౌలీలో మా ఇంటికి మామూలుగా నలభై నిమిషాలు. ఆ రోజు అయిదింటికి బయల్దేరిన మనిషి ఎనిమిదైనా లేరు. ఫోను కలవలేదు. మంచు పడుతున్నప్పటికంటే పడి, తొక్కి, గడ్డకట్టాక ప్రమాదం. పైకి తడిలాగే కనిపిస్తుంది, కాలు పెడితే అద్దం. ఇక్కడివాళ్ళు బూట్లపైన పాత ఊలు మేజోళ్ళు తొడుక్కుంటారు, జారకుండా. మావారు కూడా అలాగే, మోకాళ్ళ దాకా తడిసి, గోడలు పట్టుకుంటూ ఎనిమిదిన్నరకి వచ్చారు.

కరెంటు లేదు. మంచు బరువుకి కొమ్మలు విరిగి తీగలమీద పడితే ఇక అంతే. రూమ్ హీటరు ఉండీ లేనట్టే. వరండా తలుపు తీసిపెట్టి కుంపటి రాజేశాను. ఆయన కాళ్ళు కాచుకున్నారు, మేజోళ్ళు ఆరాయి, అన్నాలు తిన్నాం. పడుకునేటప్పటికి బొగ్గులు ఇంకా ఎర్రగా కణకణలాడుతున్నాయి. పొగ అనేది లేదు. ‘బయట పెట్టెయ్యరాదూ’ అన్నారు మావారు. ‘పొగ లేదు కదండీ, ఎందుకు దండగ? అత్తయ్యగారికైనా వెచ్చగా ఉంటుంది’ అని తీసుకెళ్ళి ఆవిడ మంచానికి బారెడు దూరంలో పెట్టి తలుపు వేశాను. కింద పట్టీ కూడా సర్దాను.

పొద్దున్న అయిదున్నరకి నాకు మెలకువ వచ్చింది. పాట లేదు. చలికి పడుకున్నారు పోనీ అనుకున్నాను. ఆరున్నరకి కాఫీ పట్టుకెళితే లేచి కూర్చుని ఉన్నారు. ‘తల పగిలిపోతోందమ్మాయ్, కడుపులో తిప్పుతోంది’ అన్నారు. పైత్యం అనుకున్నాను. రాత్రి వంకాయ పడలేదేమో అనుకున్నాను. శొంఠి వేసి కషాయం పెడదామని వంటింట్లోకి వస్తూ, చలిగాలి వస్తుందని మళ్ళీ తలుపు మూశాను. చూడండి, ఆ రెండోసారి మూయటం తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు.

మా ఇంట్లో నీళ్ళు వస్తున్నాయా అని అడగటానికి భాభీజీ వచ్చింది. అత్తయ్యగారికి బాగాలేదంటే గదిలోకి తొంగి చూసింది. ఆవిడ కళ్ళు తిన్నగా కుంపటిమీద పడ్డాయి. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి నా పట్టీ పట్టుకుని ఒక్క గుంజు గుంజి రెక్కలు రెండూ తెరిచేసింది. కుంపటి వరండాలోకి పోయింది. ఇద్దరం కలిసి అత్తయ్యగార్ని నిలబెడితే కాళ్ళు నిలవలేదు. వరండాలో కుర్చీలో కూర్చోబెట్టి రజాయి కప్పాం. ‘చలి కాదు, గాలి కావాలి ఈవిడకి’ అంది భాభీజీ.

బండి కదలదు ఆ మంచులో. మావారు కిందికి పరుగెత్తి ఒక ఖాన్‌ని పిలుచుకొచ్చారు. సిమ్లాలో బరువులు మోసే కాశ్మీరీ కూలీలని ఖాన్ అంటారు. గ్యాస్ సిలిండర్లూ, బీరువాలూ వీపుమీద మోసుకెళతారు. అతను అత్తయ్యగార్ని దుప్పటితో వీపుకి కట్టుకుని, ఆ గాజులాంటి దారిమీద ఒక్కసారి కూడా కాలు జారకుండా ఆసుపత్రికి చేర్చాడు. వెనక నేను మూడుసార్లు పడ్డాను.

డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ‘కుంపటి పెట్టారా?’ అని. ప్రతి చలికాలం వాళ్ళకి ఇలాంటి కేసులు వస్తాయట. ఆక్సిజన్ పెట్టి మర్నాటిదాకా ఉంచారు. ఆయన నాకు చెప్పింది మీకూ చెబుతాను. బొగ్గు సరిగ్గా గాలి అందకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ ఉంటేనే ప్రమాదం అనుకోవటం నాలాంటివాళ్ళు చేసే పొరపాటు. అది మన నెత్తుటిలో ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కళ్ళు తిరగటం, మగత. నిద్రలో ఉన్నవాళ్ళకి ఇవేవీ తెలియవు, అలాగే పోతారు. అలాంటప్పుడు ముందు మనిషిని బయటి గాలిలోకి తేవాలి, ఆ తరవాతే మిగతావన్నీ. కషాయాలు కాదు.

సిమ్లా సంగతి మాకెందుకు అనుకోకండి. మనవైపు బాలింత గదిలో తలుపులన్నీ బిడాయించి కుంపటి పెట్టి సాంబ్రాణి వెయ్యటం లేదూ? మా పుట్టింట్లో మా చిన్నాడు పుట్టినప్పుడు నాకూ పెట్టారు. బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరు పెట్టి, చిన్న కిటికీకి అట్టముక్క అడ్డం పెట్టుకున్నా అదే వాయువు. మీ ఇంట్లో ఉంటే ఇవాళే ఆ అట్ట తీసెయ్యండి, చదవటం తరవాత పూర్తిచెయ్యొచ్చు.

అత్తయ్యగారు ఇంటికి వచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది. నాలుగు రోజులు పాడలేదు, పాశురాలు లోపల్లోపలే చదువుకున్నారు. పొద్దున్న అయిదున్నరకి నాకు మెలకువ రావటం, చెవులు రిక్కించి పడుకోవటం. చివరికి ఉండబట్టలేక వెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఒకరోజు కళ్ళు తెరవకుండానే ‘ఉన్నాలేవే, వెళ్ళి పడుకో’ అన్నారు.

పట్టీ సంగతి చెప్పలేదు కదూ. పారేద్దామనుకుంటే భాభీజీ ఒప్పుకోలేదు. ఊలుకేం పాపం అంటుంది. విప్పి పెద్ద చుట్టగా చుట్టి నాలుగు చోట్ల వదులుగా కట్టాను. విప్పిన ఊలు ఉంగరాలు తిరిగి ఉంటుంది కదా, గోరువెచ్చటి నీళ్ళలో జాడించి, కింద చిన్న బరువు కట్టి ఆరేస్తే సాపు అవుతుంది. దానితో ఆ ఖాన్‌కి మఫ్లరు అల్లాను. మీలో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా తేలికే. 8 నంబరు సూదులమీద 50 కుట్లు ఎక్కించండి. మొదటి వరస రెండు సీధా, రెండు ఉల్టా, అలా చివరిదాకా. ఆఖర్న రెండు సీధా వస్తాయి. రెండో వరస రెండు ఉల్టాతో మొదలుపెట్టి రెండు సీధా. ఈ రెండు వరసలే అయిదడుగులు వచ్చేదాకా. 200 గ్రాముల ఊలు ఉంటే సరిపోతుంది. నాకు రంగులు చాలక ఎర్రా, ఆకుపచ్చా, బూడిదా కలిసిపోయాయి. అతను మాత్రం దాన్ని తలకి చుట్టుకుని తిరుగుతుంటే దూరంనుంచే గుర్తుపట్టేదాన్ని.

సంక్రాంతికి ఇక్కడివాళ్ళు కిచిడీ వండుకుని నెయ్యి పోసుకు తింటారు. సట్లెజ్ ఒడ్డున తత్తాపానీలో వేడినీళ్ళ ఊటలు ఉన్నాయి, ఆ ఏడాది జనవరి 14న అక్కడ ఒకే పాత్రలో 1,995 కిలోల కిచిడీ వండి గిన్నిస్ రికార్డు కొట్టారు. మా ఇంట్లో కుక్కరు పులగమే. అరిసెల పాకం ముదిరిపోయి పళ్ళకి పరీక్ష పెట్టాయి, భాభీజీ మాత్రం రెండు తిని మూడోది కొంగున కట్టుకుంది.

మధ్యాహ్నం ఎండ వచ్చింది. అత్తయ్యగారు త్యాగరాజస్వామి పటం పెట్టి కూర్చున్నారు. కిటికీ జానెడు తెరిచి ఉంది. ముందు గొంతు లేవలేదు, నాట సగంలో ఆగి మిరియాల పాలు తాగారు. మళ్ళీ అందుకున్నారు. వరాళి వచ్చేసరికి నా తాళం తప్పింది. ఆవిడ పాడుతూనే నా చెయ్యి పట్టుకుని తన తొడమీద పెట్టుకుని తనే వెయ్యటం మొదలుపెట్టారు. గుమ్మంలో కూర్చున్న భాభీజీ, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అల్లిక ఆపి వింది.

సిడ్డు ఎలా చెయ్యాలో అడుగుతారని తెలుసు. కొలతలతో సహా వచ్చేవారం రాస్తాను. ఉంటానండీ, పెరుగు తోడుపెట్టే వేళైంది.