మోకాలు మొరాయిస్తే...

పొద్దున లేవగానే మోకాళ్లు పట్టేసినట్టు ఉంటాయి. నాలుగడుగులు వేస్తేగానీ సాగవు. మెట్లు దిగాలంటే ప్రాణం మీదికొస్తుంది. 'ఇక నువ్వు కదలొద్దమ్మా' అంటూ టీవీ ముందు కుర్చీ వేసేస్తారు పిల్లలు. ప్రేమతో చేసే ఆ పనే మోకాలికి చేటు!

మోకీలులో ఎముకల చివర మెత్తని తొడుగులా మృదులాస్థి ఉంటుంది. అది అరిగి, ఎముక అంచులు పెరగడమే ఆస్టియో ఆర్థ్రైటిస్. మృదులాస్థికి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడు స్పాంజిలా నొక్కుకుంటూ, విడివడుతూ చుట్టూ ఉన్న ద్రవం నుంచే పోషకాలు తీసుకుంటుంది. కుర్చీకి అతుక్కుపోతే ఆ తిండీ కరవే. పైగా మోకాలికి దన్నుగా నిలిచే తొడ కండరం చిక్కిపోతుంది. దాంతో నొప్పి పెరుగుతుంది... నొప్పికి భయపడి నడక ఇంకా తగ్గుతుంది.

వయసు, వంశపారంపర్యం, పాత దెబ్బలు... వీటిని మార్చలేం. యాభై దాటిన ఆడవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. బరువు మాత్రం మన చేతిలోనే ఉంది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో జరిగిన అధ్యయనం 1992లో తేల్చిందేమంటే- పదేళ్లలో అయిదు కిలోల దాకా తగ్గిన మహిళల్లో ఈ జబ్బు ముప్పు సగానికి పైగా తగ్గింది. ఒక కిలో తగ్గితే అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో మరో పరిశోధన లెక్కగట్టింది.

మరి సన్నగా ఉన్నవాళ్లకూ వస్తోందేం? బీజింగ్‌లోని పెద్దవయసు మహిళలు ఫ్రామింగ్‌హామ్ వారికంటే సన్నం. అయినా మోకాళ్ల అరుగుదల వాళ్లలోనే ఎక్కువ. వయసులో ఉన్నప్పుడు రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చోవడం ఒక కారణమని 2004లో తేలింది. పెరట్లో అంట్లు తోమి, చేలో కలుపు తీసిన మన బామ్మల మోకాళ్లదీ బహుశా ఇదే కథ.

గ్లూకోసమైన్ మాత్రల మీద ఆశ పెట్టుకునేవారు చాలామంది. 2006 నాటి పెద్ద అమెరికా అధ్యయనంలో మొత్తమ్మీద అవి ఉత్తుత్తి మాత్రలకు మించి పనిచేయలేదు. అంతకంటే కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, పది అంకెలు లెక్కపెట్టి దించడం మేలు. ఒక్కో కాలికి పదిసార్లు, రోజుకు రెండుపూటలా. నడక ఒకేసారి అరగంట కాకపోయినా పది నిమిషాల చొప్పున చాలు. మరుగుదొడ్డిలో కమోడ్ పెట్టిస్తే సగం యాతన తగ్గుతుంది.

చేతికర్ర పట్టుకోవడానికి నామోషీ పడొద్దు. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమచేతిలో ఉండాలి- చాలామంది తిరగేసి పట్టుకుంటారు. మోకాలు ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి, జ్వరమూ తోడైతే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకుండా ఆరోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి.