ఉప్పు తిన్న సిక్కాకి లక్షలా?

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక పామర్రులో మా ఖాలా ఇంటికి వెళ్లాను. చాయ్ కన్నా ముందు నా ముందుకి ఒక పాత హార్లిక్స్ సీసా వచ్చింది. నిండా సిక్కాలు. ఖాలా కొడుకు ఫోన్‌లో ఒక వీడియో పెట్టి, సీసాలోంచి అల్యూమినియం అయిదు పైసల బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు.

"భాయ్‌జాన్, చూడండి. సాల్‌లో ఆఖరి అంకె లేదు, ఒక మూల కూడా లేదు. ఎర్రర్ సిక్కా. మూడు లక్షలు ఇస్తామంటున్నారు. రిజిస్ట్రేషన్‌కి ముందు 1500 కట్టాలంట."

ఆ 1500 ఖాలా చీటీ డబ్బుల్లోంచి తీసి దిండు కింద పెట్టింది కూడా.

ఆ సిక్కాని చూడగానే నాకు మూడు లక్షలు కాదు, నానీ సందూఖ్ గుర్తొచ్చింది. మా నానిహాల్ వాళ్లది నాగాయలంక వైపు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు ఆ సందూఖ్ సముద్రపు నీళ్లలో మునిగింది. తరువాత బట్టలు ఉతుక్కున్నారు, పత్రాలు ఎండబెట్టుకున్నారు. రుమాలులో మూటకట్టిన చిల్లరని మాత్రం ఎవరూ మంచినీళ్లతో కడగలేదు. అల్యూమినియం ఉప్పుకి తట్టుకోదు. పైపొర ఎక్కడ చిట్లితే అక్కడ గుంట పడుతుంది, తెల్లటి పొడి రాలుతుంది. అంకె ఉన్న చోటే గుంట పడితే అంకె పోతుంది. అంతే కథ.

మరి దీన్ని టక్సాల్ పొరపాటు కాదని ఎలా చెప్పాను? నా దగ్గర ఒకే సవాల్ ఉంది: ఈ లోపం టక్సాల్‌లో ఏ మిషన్ దగ్గర పుట్టింది? జవాబు దొరక్కపోతే అది ఎర్రర్ కాదు.

సిక్కా తయారీ పెద్ద రాజ్ ఏమీ కాదు. లోహపు పట్టీలోంచి బిళ్లలు కోస్తారు, అంచు కాస్త పైకి లేపుతారు, తరువాత రెండు అచ్చుల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. పట్టీ సరిగా జరగకపోతే, ముందు కోసిన రంధ్రం మీదే మళ్లీ కోత పడి, బిళ్లలో చంద్రవంక లాంటి ముక్క తగ్గుతుంది. అలాంటి అసలు సిక్కాలో, తగ్గిన ముక్కకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా చాలాసార్లు పల్చబడి ఉంటుంది. ఎందుకంటే అంచు లేపేటప్పుడు ఇటు ఆనిక లేక అటు ఒత్తిడి పడదు. ఖాలా సిక్కాలో మూల కరిగింది గానీ ఎదుటి అంచు నిక్షేపంగా ఉంది. అంటే అచ్చు పడేనాటికి ఆ మూల ఉంది, తరువాత పోయింది.

అచ్చు పగిలితే ఆ పగుల్లోకి లోహం ఎక్కి సిక్కా మీద సన్నటి గీత ఉబ్బెత్తుగా వస్తుంది. గోటితో తడిమితే తగులుతుంది. గీత లోపలికి దిగి ఉంటే అది గీరుడు. అచ్చు పక్కకి జరిగి సగం బొమ్మే పడ్డ సిక్కా ఉంటుంది. దాన్ని తూకం వేయండి, బిళ్ల పూర్తిదే కనుక వజన్ తగ్గదు. ముందు సిక్కా అచ్చుకే అంటుకుపోతే తరువాతి సిక్కాకి ఒకవైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి దిగి పడుతుంది. షౌఖీన్లు దీన్నే లఖీ సిక్కా అంటారు. దీంట్లో ధోకా కూడా ఎక్కువే. రెండు సిక్కాలని ఇనప బిగింపులో పెట్టి తిప్పితే ఇలాంటి ముద్రే పడుతుంది, కానీ రెండో వైపు బొమ్మ చదునైపోయి నకిలీని పట్టిస్తుంది.

నిజంగా ముష్కిల్ అయ్యేది అంకె మాయమైన సిక్కానే. అచ్చు గుంటలో గ్రీజు, మురికి నిండితే లోహం అక్కడికి ఎక్కదు, అంకె పడదు. టక్సాల్‌లో ఇది జరిగేదే. కానీ అప్పుడు ఆ ఖాళీ జాగా చుట్టుపక్కల లాగే నున్నగా ఉంటుంది, వజన్ పూర్తిగా ఉంటుంది. ఖాలా సిక్కాలో ఆ జాగా గరుకుగా, చీమలు తొలిచినట్టు ఉంది. ఆ రోజుల్లో అయిదు పైసలు ఒకటిన్నర గ్రాము. పక్క వీధి బంగారం కొట్టులో తూకం వేయిస్తే ఒకటీ పాతిక కూడా లేదు. ఆ తగ్గింది ఉప్పు తిన్నది.

మన బందరు సంగతి కూడా చెప్పాలి. మొఘల్ పాదుషాల పేరుతో మచిలీపట్నంలో రూపాయలు కొట్టారు, 18వ శతాబ్దంలో ఫ్రెంచి కంపెనీ కూడా కొట్టింది. సుత్తితో కొట్టినవి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకే చాలావాటిలో ఊరి పేరు సగమే కనిపిస్తుంది. ఉర్దూ మీడియం చదువు పుణ్యమాని 'జర్బ్' అన్న మాట పట్టుకుని మిగతాది ఊహించుకోగలను. అలాంటి సగం అక్షరాల రూపాయని ఎర్రర్ అని అమ్మేవాడు అనాడీ, లేదా మక్కార్. ఆ కాలానికి అదే మామూలు.

నా గుస్సా ఖాలా కొడుకు మీద కాదు. పని దొరక్క తిరిగే నౌజవాన్‌కి మూడు లక్షల ఆశ చూపించి, ముందు పదిహేను వందలు గుంజే వాళ్ల మీద. 2021 ఆగస్టు 4న రిజర్వ్ బ్యాంకు సాఫ్‌గా చెప్పింది: పాత నోట్లు, నాణేల కొనుగోళ్లలో తమకి ప్రమేయం లేదు, చార్జీ గానీ కమిషన్ గానీ అడగము, తమ పేరుతో వసూలు చేసే ఇజాజత్ ఎవరికీ ఇవ్వలేదు. కొనేవాడు డబ్బు ఇస్తాడు గానీ అడుగుతాడా? ఇంత సాదా సవాల్ ఇంట్లో ఎవరూ వేయలేదు. అమ్మీలు "నసీబ్‌లో ఉందేమో" అని దువా చేస్తూ డబ్బు తీస్తారు. ఈ మాట రాస్తుంటే మా ఇంటి మీదే షికాయత్ చేస్తున్నట్టుంది, అయినా రాస్తున్నాను.

ఇంకో అర్జీ. మీ సీసాల్లోని సిక్కాలని చింతపండుతో తోమకండి. పైపొర పోయాక అసలు ఎర్రర్‌ని కూడా ఎవరూ నమ్మరు. మా వదిన అప్పటికే సగం తోమేసింది.

మిగతా సగంలో ఒక స్టీలు రూపాయి దొరికింది. సాల్ కింద చుక్క గుర్తు, అంటే నక్షత్రం, హైదరాబాద్ టక్సాల్‌ది. అంచు నుంచి లోపలికి వెంట్రుక లాంటి ఉబ్బు గీత. అచ్చు పగులు, సచ్చా ఎర్రర్. "ఎంతొస్తుంది భాయ్‌జాన్?" అన్నాడు. ఇలాంటివి చాలానే దొరుకుతాయి, షౌఖీన్ ఎవరైనా ఇష్టపడితే నాలుగు రాళ్లు ఇస్తాడు, లక్షలు కాదు అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ ఆ రూపాయిని విడిగా చిన్న కాగితంలో చుట్టుకున్నాడు.

ఖాలా అయిదు పైసల బిళ్లని మాత్రం నా చేతిలోంచి తీసుకుంది. "అమ్మీ రుమాలులోది కదా" అంటూ కొంగున ముడేసుకుంది. దిండు కింది పదిహేను వందలు సాయంత్రం చీటీకి వెళ్లాయి.